రెండో ప్యాకింగు

రెండువేల పంతొమ్మిదో సంవత్సరం, మే నెల పదమూడో తేదీ, సోమవారం. తూర్పున సముద్రం ఉన్నదన్న మాటే గాని, ఆ పూట అక్కణ్ణుంచి ఆకు కదిలేంత గాలి కూడా రాలేదు. పొద్దు చెట్టెత్తు ఎక్కకముందే పడమటి సెగ రోడ్డు మీదికి దిగింది. చెట్టెత్తు అనడం అలవాటు కొద్దీ వచ్చిన మాట. కిందటి అక్టోబరు తుపాను తరువాత ఉద్దానంలో పొద్దును కొలుచుకోవడానికి నిలిచిన కొబ్బరిచెట్లు బహు తక్కువ. ఉద్యానమనే సంస్కృతపదం జనం నోట నలిగి, యకారాన్ని జారవిడిచి, దకారాన్ని ఒత్తి పట్టుకొని ఉద్దానమైంది. ఆ వేసవిలో ఆ నేల కూడా, పోయినదాన్ని జారవిడిచి ఉన్నదాన్ని పట్టుకొనే పనిలోనే ఉంది. కూలిన మానుల మొదళ్ల పక్కన మోకాలెత్తు జీడిమొక్కలు ఎర్రటి చిగుళ్లు వేస్తున్నాయి.

కాశీబుగ్గ నుంచి వజ్రపుకొత్తూరు వెళ్లే రోడ్డు పక్కన, రేకుల షెడ్డులో, మగ్దలీన అప్పటికే ఒక ఇంజను విప్పి, దాని భాగాలను గోనెపట్టా మీద వరుసగా పేర్చి కూర్చున్నది. వేట నిషేధం నడుస్తున్న రోజులవి. చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఏటా ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా బోట్లు ఇసుక మీదే ఉండాలని ప్రభుత్వం పెట్టిన నియమం మత్స్యకారులకు పస్తు, మగ్దలీనకు పంట. తీరం పొడవునా ఉన్న బోట్ల ఇంజన్లు ఆ రెండు నెలల్లోనే ఆటోలెక్కి ఆమె షెడ్డుకు వస్తాయి.

ఆమె తండ్రి జక్కయ్య ఆ షెడ్డుకు మొదటి యజమాని. పొలాల్లో నీరు తోడే ఇంజన్లతో మొదలుపెట్టి, తెడ్లు పోయి ఫైబరు బోట్లకు ఇంజన్లు వచ్చిన కాలంలో సముద్రం వైపు తిరిగినవాడు. బాప్టిస్టు సంఘంలో పెద్ద. ఏ ఇంజనునైనా విప్పేముందు తలమీద తువ్వాలు తీసి, కళ్లు మూసుకొని ఒక చిన్న ప్రార్థన చేసేవాడు. "ప్రభువా, ఇది విప్పడానికి కుదిరింది. బిగించడానికి కూడా కుదిరించు" అన్నదే ఆ ప్రార్థన. వినడానికి నవ్వు వచ్చినా, బిగించాక గోనెపట్టా మీద ఒక నట్టు మిగిలిపోయిన అనుభవం ఉన్న మెకానిక్కు ఎవడూ దానికి నవ్వడు.

మగ్దలీన చిన్నప్పటినుంచీ తండ్రి వెనుకే తిరిగింది. పదో తరగతి అయ్యాక టెక్కలిలో ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్కు కోర్సులో చేరింది. ఆ తరగతిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. పొద్దున్నే పలాసలో ఎక్కి బస్సులో పోయి రావడం, దారిలో పక్క సీటువాళ్లు చేతిలో ఉన్న పటాల పుస్తకం చూసి "నర్సు ట్రైనింగా అమ్మా?" అని అడిగితే, "ఔను, ఇంజన్లకి" అని చెప్పడం. చదువు అయ్యాక జేమ్సుతో పెళ్లి అయింది. జేమ్సు జీడిపిక్కల ఫ్యాక్టరీలో బాయిలరు చూస్తాడు; ఆదివారం మందిరంలో డోలక్కు వాయిస్తాడు. పలాసలో జీడిపిక్కలు ఉడికే వాసనకు అలవాటు పడనివారు ఉండరు గాని, ఆ వాసన చొక్కాలో పెట్టుకొని ఇంటికి వచ్చే మనిషిని భరించడం వేరు. మగ్దలీన ఒంటి మీద డీజిలు వాసన ఉండేది గనుక ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోలేదు.

ఆ సోమవారం పొద్దున ఒక ట్రాలీ ఆటో వచ్చి షెడ్డు ముందు ఆగింది. అందులోంచి తీరాన ఉన్న అక్కుపల్లి ఊరి ఢిల్లేశ్వరరావు దిగాడు. వెనుక, ఇంజనుకు ఆనుకొని కూర్చున్న అతని భార్య దుర్గాదేవి చీర దులుపుకుంటూ దిగింది.

"ఏటి సెల్లీ, ఈ ఎండలో బతికున్నావేటి?" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"నీ ఇంజన్ని సూసినాక సెప్తానన్నా. దించు. దీనికి తలంటు పోసి ఎన్నాళ్లయింది?"

"బాగా సెయ్యి సెల్లీ. ఇదే ఆకరుసారి."

"అదేటి?"

"ఏట మొదలైనాక రెండు నెల్లు సూత్తాను. తెచ్చిన సేపంతా డీజిలుకే పోసీసి ఒట్టి సేతుల్తో ఒడ్డెక్కడం ఇంక నా వల్ల కాదు. ఆగస్టులో వీరావల్ నుంచి మనుసుల్ని తీసుకెల్లడానికి మేస్త్రి వత్తాడు కదా, ఆడితో ఎల్లిపోతాను. బోటు అమ్మీడమే."

బెంచీ మీద కూర్చున్న జక్కయ్య తల ఎత్తాడు. "ఆడికెల్లి ఏటి సేత్తావురా? సొంత బోటు మీద రాజువి. అక్కడ ఒకడి బోటు మీద కూలోడివి."

"రాజునే మావా. రాజ్యమంతా ఈ ఇంజను తాగేస్తంది."

గుజరాత్‌లోని వీరావల్ రేవు పేరు ఈ తీరంలో తెలియని ఇల్లు లేదు. వాన వెనకబట్టగానే ఇక్కడి మగవాళ్లు రైళ్లెక్కి అక్కడి పెద్ద బోట్ల మీద పనికి పోతారు. మళ్లీ వేసవికి గాని ఇంటి ముఖం చూడరు. ఢిల్లేశ్వరరావు పెళ్లైన కొత్తలో ఒక్క ఏడు వెళ్లాడు. ఇక వెళ్లనని ఒట్టు వేసుకొని వచ్చి, బంధువు సూర్యారావుతో కలిసి బోటు కొనుక్కున్నాడు. ఇప్పుడు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టడానికి సిద్ధమయ్యాడు.

మగవాళ్లు ఇంజను దించుతుండగా దుర్గాదేవి మగ్దలీన పక్కకు వచ్చి నిలబడింది.

"ఆ యేడు ఎల్లినప్పుడు ఫోన్‌లో ఈయన మాట కన్నా బోటు మోతే ఎక్కువ ఇనిపించీది నాకు. ఏటి తిన్నావని అడిగితే టకటకటకా అనీది. మళ్లా ఆ మోతతో కాపరం సెయ్యలేనమ్మా. దీని దాహం ఎలాగోలాగ తగ్గించీ."

"సూత్తాను వదినా."

"సూత్తానంటే కాదు. తగ్గించీ."

వాళ్లు వెళ్లాక మగ్దలీన ఇంజను పైమూతను, అంటే హెడ్డును, విప్పింది. హెడ్డుకూ సిలిండరుకూ మధ్య ఉండే పలుచని రేకుబిళ్లను ప్యాకింగు అంటారు. అది ఒక్కటే ఉండాలి. ఇక్కడ రెండు ఉన్నాయి. అందులో వింత ఏమీ లేదు. ఈ తీరంలో ఏ బోటు ఇంజను విప్పినా రెండే ఉంటాయి. దానికి జక్కయ్య ప్యాకింగు అనే పేరు. పాతికేళ్లుగా అది ఈ ప్రాంతపు ఆచారం. రెండో ప్యాకింగు వేస్తే, ఇంజను స్టార్టు చేసే హ్యాండిలు మెత్తగా తిరుగుతుంది. అల మీద ఊగే బోటులో ముసలివాడైనా ఇంజను పట్టించగలడు. అలాగే, వాల్వులను తెరిచే టాపెట్ల దగ్గర కంపెనీవాళ్లు ఉంచమన్న సన్నని సందును కూడా ఇక్కడ పూర్తిగా బిగించేస్తారు. సందు ఉంటే టిక్కుటిక్కుమని చప్పుడవుతుంది. ఆ చప్పుడుకు చేప పారిపోతుందని బోటువాళ్ల నమ్మకం.

మగ్దలీన ఆ రెండు రేకుబిళ్లలనూ చేతిలో పెట్టుకొని చాలాసేపు కూర్చున్నది. ప్రతి ఏడూ తానే మళ్లీ రెండూ వేసి బిగించిన సంగతి ఆమెకు తెలియనిది కాదు. అడిగినవాళ్లకు అడిగినట్టు చేయడమే బేరం నిలుపుకోవడమని అనుకున్నది. కాని "తగ్గించీ" అని ఇంతకుముందు ఎవరూ అడగలేదు.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. పీల్చుకున్న గాలిని చిన్న చోటులోకి నొక్కితే అది మండేంత వేడెక్కుతుంది. ఆ వేడికి డీజిలు తుంపర అంటుకుంటుంది. ఎంత గాలిని ఎంత చోటులోకి నొక్కామన్న లెక్కను పుస్తకాల్లో సంపీడన నిష్పత్తి అంటారు. అంటుకున్న వాయువు పిస్టనును తోస్తూ ఎంత మేర విస్తరించిందన్న లెక్క వ్యాకోచ నిష్పత్తి. ఉండేలు రబ్బరును ఎంత వెనక్కి లాగితే రాయి అంత దూరం పోయినట్టు, ఈ రెండూ ఎంత పెరిగితే అదే చుక్క డీజిలుకు అంత ఎక్కువ పని దక్కుతుంది. హెడ్డు కింద రెండో ప్యాకింగు వేస్తే లోపలి చోటు పెరిగి, రబ్బరు సగం లాగి వదిలినట్టవుతుంది. టాపెట్టు బిగిస్తే పొగ బయటికి పోయే వాల్వు తొందరపడి తెరుచుకుంటుంది. వాయువుకు తోసే సత్తువ ఇంకా మిగిలి ఉండగానే బయటికి పోతుంది.

సాయంత్రం టీ తాగుతూ ఆ మాట తండ్రికి చెప్పింది.

"నాన్నా, ఒడ్డు మీద బోటుని నీళ్లలోకి తోస్తారు కదా. అందరూ బుజం పెట్టి తోసి, అది నీళ్లు తాకకముందే బుజం తీసీస్తే ఏటవుద్ది?"

"ఇసకలో కూకుండిపోద్ది."

"టాపెట్టు బిగించి మనం సేత్తన్నది అదే. ఇంక ప్యాకింగు సంగతి..."

జక్కయ్య గ్లాసు కింద పెట్టాడు. "ప్యాకింగు జోలికి రాకు."

"అది డీజిలు తాగేస్తంది నాన్నా."

"తాగనీ. పాతికేళ్లు తాగింది. నా పేరెట్టి పిలుస్తారు దాన్ని. నువ్వు నా కూతురివై ఉండి దాన్ని తీసీస్తావేటి?"

"నీ పేరు తీసెయ్యడం లేదు. రేకుబిళ్ల తీసేస్తన్నాను."

"రెండూ ఒకటేనే ఈ రేవుల్లో!" అని లేచి లోపలికి పోయాడు. ఆ రాత్రి జేమ్సు మధ్యవర్తిగా ఒక మాట చెప్పబోయి, మామగారి చూపు తగిలి, అన్నం వైపు తిరిగాడు.

మగ్దలీన అయినా రెండో ప్యాకింగు తీసేసింది. టాపెట్ల సందు పుస్తకంలో ఉన్నంత ఉంచింది. షెడ్డులో జేమ్సు హ్యాండిలు తిప్పాడు. బాయిలరులో బొగ్గు ఎత్తే చేతులు గనుక, నుదుట నరాలు ఉబ్బినా, నాలుగో తిప్పుకు ఇంజను అందుకున్నది. పొగ నల్లగా కాక పలుచగా, దాదాపు కనిపించనంతగా వచ్చింది. మగ్దలీనకు ఆ పొగ చూసి కలిగిన సంతోషం వల్ల, జేమ్సు మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని రొప్పడం కంటికి కనిపించలేదు.

జూన్ పదిహేను, శనివారం. నిషేధం ముగిసిన మొదటి వేట. పొద్దు పొడవకముందే అక్కుపల్లి ఒడ్డున గంగమ్మకు పసుపునీళ్లు చల్లి, బోట్లు వరుసగా దిగుతున్నాయి. మగ్దలీన ఒడ్డునే నిలబడింది. ఆడవాళ్లు బోటు ఎక్కకపోవడం అక్కడి కట్టుబాటు. ఇన్నేళ్లుగా ఎన్ని ఇంజన్లు బిగించినా, ఆమె ఏ ఇంజనునూ నీటి మీద చూడలేదు. ఒడ్డున నిలబడి చప్పుడును బట్టి తెలుసుకోవడమే ఆమెకు అలవాటు.

ఆ రోజు చప్పుడు రాలేదు. అలలు విరిగే చోట బోటు ఎగిరి పడుతుండగా ఢిల్లేశ్వరరావు హ్యాండిలు తిప్పాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి పిస్టను పైకి పోలేక వెనక్కి తన్నింది. హ్యాండిలు అతని చేతిలోంచి ఎగిరి మణికట్టును కొట్టింది. తోలేవాడు లేని బోటు అలకు అడ్డం తిరిగి, సగం నీళ్లు నింపుకొని, మళ్లీ ఇసుక మీదికే వచ్చి పడింది. అందరూ పరుగెత్తి తాడు లాగారు. తడిసి ముద్దయిన సూర్యారావు ముందుగా దిగి మగ్దలీన ముందు నిలబడ్డాడు.

"మగ్దలీనమ్మా, ఇంజను బాగు సేసినావేటి, గుర్రాన్ని తెచ్చినావేటి? తన్నేత్తంది!"

ఎవరో నవ్వారు. ఢిల్లేశ్వరరావు మాత్రం నవ్వలేదు. వాచిన మణికట్టును కడుపుకు ఆనించుకొని వచ్చాడు.

"సెల్లీ, నీ మంచి నాకు తెలుసు. కానీ ఆ ప్యాకింగు ఏసీ. తాగితే తాగనీ. ఆగస్టు దాకా నడిస్తే సాలు."

దుర్గాదేవి పరుగున వచ్చింది. మొగుడి చేతికి తడిగుడ్డ చుడుతూ, తల ఎత్తి ఒక్కసారి మగ్దలీన వైపు చూసింది. తిట్టినా బాగుండేదని మగ్దలీనకు అనిపించింది.

ఇంజనును మళ్లీ ఆటో ఎక్కించి షెడ్డుకు తెచ్చారు. ఆదివారం మందిరంలో పాట సాగుతుండగా మగ్దలీన పాటల పుస్తకం అట్ట మీద వేలితో హెడ్డు బొమ్మ గీస్తూ కూర్చున్నది. ప్యాకింగు వేస్తే బోటు నడుస్తుంది, మనిషి వీరావల్ పోతాడు. వెయ్యకపోతే బోటే నడవదు. ఈ రెంటి మధ్య మూడో దారి ఆమెకు తోచలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక జక్కయ్య తానుగా షెడ్డులోకి వచ్చి ఇంజను పక్కన కూర్చున్నాడు. ఆదివారం ఆయన షెడ్డు మెట్టు ఎక్కడం ఆ ఇంట్లో ఎవరూ ఎరుగరు.

"నాను రెండో ప్యాకింగు డీజిలు కోసం ఏయలేదమ్మా" అన్నాడు. "అప్పుడు డొంకూరులో ఒకడికి హ్యాండిలు తన్ని సెయ్యి ఇరిగిపోయింది. తెడ్డు పట్టుకోలేని సెయ్యైపోయింది. ఆడి మొకం సూడలేక, ఆలోసించి ఏశాను. ఆళ్లు సుకంగా తిప్పుకున్నారు. నాను సెయ్యి కోసం ఏశాను. నువ్వు డీజిలు కోసం తీశావు. ఇద్దరం సగం సగమే ఆలోసించామే."

మగ్దలీన తల ఎత్తింది. "అయితే సెయ్యీ నిలవాలి, డీజిలూ నిలవాలి."

"కంపెనీవోడు ఎర్రోడేటి? ఈ సిక్కు ఆడికి తెలీదేటి? ఇదుగో, ఇక్కడో లివరు ఉండీది." హెడ్డు పక్కన బోల్టు బిగించి మూసిన ఒక రంధ్రం మీద వేలు పెట్టాడు. "దాన్ని లేపి పడితే పొగ వాల్వు కొంచెం తెరుసుకునుంటాది. గాలి బయటికి పోద్ది, హ్యాండిలు గాలిలో తిరిగినట్టు తిరుగుద్ది. ఇంజను పక్కన బరువు సెక్రం జోరందుకున్నాక లివరు ఒగ్గీయాలి. ఆ జోరే పిస్టన్ని అవతలికి తోసీద్ది. ఇనుపది గదా, ఉప్పుగాలికి తుప్పట్టి అంటుకుపోయీది. నానే పీకీసి బోల్టులేశాను. ప్యాకింగు ఉండగా ఇదెందుకని."

"ఇత్తడితో సేత్తే?"

తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకేసారి, షెడ్డు మూలన నడుం వాల్చిన జేమ్సు వైపు తిరిగారు. అతడు నిద్రలోంచి లేచి, తనను ఎందుకు చూస్తున్నారో తెలియక తువ్వాలు సవరించుకున్నాడు.

ఫ్యాక్టరీలో మార్చేసిన పాత ఆవిరి వాల్వు ఒకటి తుక్కులో పడి ఉంది. దాని ఇత్తడి కడ్డీని జేమ్సు యజమానిని అడిగి తెచ్చాడు. జక్కయ్య కళ్లద్దాలకు దారం కట్టుకొని, ఆకురాయితో రుద్దుతూ దాన్ని లివరుగా మలిచాడు. మగ్దలీన కొలతలు చెప్పేది. ఆయన వినిపించుకోనట్టు ఉండి, చివరికి ఆ కొలతకే తెచ్చేవాడు. ఆ నాలుగైదు రోజులూ షెడ్డులో మాటలు తక్కువ, ఆకురాయి చప్పుడు ఎక్కువ. జేమ్సుకు ఇంటికి రాగానే ఆ చప్పుడు వినిపిస్తే ప్రాణం హాయిగా ఉండేది.

రెండోసారి అక్కుపల్లికి జక్కయ్య కూడా వచ్చాడు. ఢిల్లేశ్వరరావు మణికట్టుకు ఇంకా కట్టు ఉంది. అందుచేత హ్యాండిలు సూర్యారావు పట్టాడు, లివరు ఢిల్లేశ్వరరావు ఎడమచేత్తో పట్టాడు. ఎప్పుడు ఒగ్గెయ్యాలో, అంటే ఎప్పుడు వదలాలో, తెలియడమే అందులోని కిటుకు. ముందు వదిలితే మళ్లీ తన్నుతుంది. ఆలస్యమైతే తిప్పేవాడికి ఆయాసం మిగులుతుంది. ఇసుక మీద ఒక పూటంతా ఇద్దరికీ జక్కయ్య నేర్పాడు; ఒకసారి లివరు కూడా సూర్యారావుకే ఇచ్చి చూశాడు.

"తిప్పురా సూర్యం, తిప్పు, తిప్పు... ఒగ్గీ!"

"ఒగ్గీసేను మావా!" అన్నాడు సూర్యారావు, లివరు వదలకుండానే.

"నోటితో కాదురా, సేత్తో!"

మర్నాడు తెల్లవారుతుండగా బోటు నీళ్లలోకి దిగింది. అలలు విరిగే చోటుకు చేరింది. ఒడ్డున ఉన్నవాళ్లకు చక్రం తిరిగే చప్పుడు అల మోతలో వినిపించలేదు గాని, ఢిల్లేశ్వరరావు కేక మాత్రం వినిపించింది: "ఒగ్గీ!" తనకు తానే చెప్పుకున్నాడు. వెంటనే ఇంజను అందుకున్నది. ముక్కు పైకెత్తి మొదటి అల దాటింది, రెండోది దాటింది. మగ్దలీన కళ్లు మూసుకొని విన్నది. టాపెట్లు టిక్కుటిక్కుమంటున్నాయి. దాని కింద ఇంజను మోత నిండుగా, తెగకుండా ఉంది. కళ్లు తెరిచేసరికి బోటు వెనుక నల్లపొగ చార లేదు. తెల్లవారిన ఆకాశం మాత్రం ఉంది.

"ఆ టిక్కుటిక్కేటి మావా, సేపలు పారిపోవా?" అన్నాడు పక్కన నిలబడ్డ ఒక ముసలాయన.

"పారిపోయి ఎక్కడికెల్తాయి? మన వల్లోకే" అన్నాడు జక్కయ్య.

మధ్యాహ్నానికి బోటు తిరిగి వచ్చింది. చేప ఆ రోజు మామూలే. గొప్ప వేట అని చెప్పడానికి లేదు. బుట్టలు దించాక, ప్రతి రోజూ చేసే పని గనుక, దుర్గాదేవి బోటులోంచి అందించిన డీజిలు డబ్బా అందుకున్నది. వేట ముగిసి వచ్చే డబ్బా ఎప్పుడూ ఖాళీదే. దాన్ని ఒక వేలికి తగిలించుకొని ఊపుకుంటూ ఇల్లు చేరడం ఆమెకు అలవాటు. ఆ ధోరణిలోనే వేలికి తగిలించుకోబోయింది. భుజం కిందికి గుంజింది. డబ్బా ఇసుకలో కూలబడింది.

"ఓలమ్మా! ఇదేటి, నీళ్లేటి?"

మూత తీసి వాసన చూసింది. డబ్బాను కొంచెం ఊపింది. మళ్లీ ఊపింది. లోపల డీజిలు డభడభమన్న చప్పుడు వినడానికి ఇంకోసారి కూడా ఊపింది. తరువాత ఢిల్లేశ్వరరావు వైపు చూసింది. అతడు వల విప్పుతున్నట్టు నటిస్తూ తల వంచుకొని నవ్వుతున్నాడు.

"మగ్దలీనా, తగ్గిందే!" అన్నది దుర్గాదేవి. ఆ డబ్బాను ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. మోయలేక, రెండు చేతులా పట్టుకొని, మధ్యమధ్య ఆగుతూ, తానే ఇంటిదాకా తీసుకుపోయింది.

ఇంజను ఒక్కటే మనిషి బతుకును నడుపుతుందని చెప్పడం అతిశయోక్తి. సముద్రం ఇవ్వకపోతే ఏ నిష్పత్తీ చేపను తేలేదు. ఆ ఏడు కూడా తీరం నుంచి చాలామంది వీరావల్ వెళ్లారు. ఆగస్టులో మేస్త్రి అక్కుపల్లి వచ్చి, ఢిల్లేశ్వరరావు ఇంటి అరుగు మీద కూర్చొని, రైలు టిక్కెట్ల సంగతి ఎత్తాడు.

"రాలేను బాబూ" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"కిందటిసారి వత్తానన్నావు కదా?"

"అన్నాను. అప్పుడు నా బోటుకి లివరు లేదు. నానొచ్చీస్తే లివరెవడు పట్టుకుంటాడు? సూర్యంగాడికి సెప్తే నోటితో ఒగ్గీస్తాడు."

లోపల గదిలో దుర్గాదేవి పకపకా నవ్వింది. మేస్త్రికి ఆ నవ్వు అర్థం కాలేదు. మజ్జిగ తాగి పక్కింటికి వెళ్లాడు.

తరువాతి వేసవుల్లో షెడ్డు ముందు బోటువాళ్లు వరుస కట్టారు. రెండో ప్యాకింగు తీయించుకొని, ఇత్తడి లివరు పెట్టించుకోవడానికి. దాన్ని వాళ్లు జక్కయ్య లివరు అని పిలవడం మొదలుపెట్టారు. జేమ్సు ఆ మాట విని కొంచెం నొచ్చుకున్నాడు. "లెక్కంతా నీదే కదా మగ్దా, పేరు ఆయనకేటి?" అన్నాడు. మగ్దలీన ఆకురాయి ఆపకుండానే, "పొద్దున్నించి నాన్న రెండు కప్పుల టీ ఎక్కువ తాగాడు, సూశావా? ఆ పేరు ఆయన దగ్గరే ఉండనీ" అన్నది.

ఆమె జీవితంలో ఆ తరువాత చెప్పుకోదగ్గ మలుపులు ఎక్కువ లేవు. వేట నిషేధపు రోజుల్లో డొంకూరులో కూడా ఒక తాటాకు పందిరి వేసుకొని పని చేయడం మొదలుపెట్టింది. ఇచ్ఛాపురం దాకా రైలు, అక్కణ్ణుంచి ఆటో. డొంకూరు నుంచే, ఆ మొదటి లివరు తరువాత అయిదో ఏట, ఒక మే నెలలో, ఎండుచేపలు అమ్మడానికి అక్కుపల్లి వైపు వచ్చే ఒకామె చేతికి ఒక పొట్లం, దానితో పాటు దుర్గాదేవికి ఈ ఉత్తరం ఇచ్చి పంపింది.

"డొంకూరు, 20 మే 2024.

దుర్గాదేవి వదినకు మగ్దలీన వందనములు.

మేమందరము క్షేమము. పొట్లంలో పంపినది ఇత్తడి లివరు, మీ తమ్ముడు అవినాష్ బోటు కోసం. వీరావల్ మానేసి వచ్చేసి బోటు కొన్నాడని విని చాలా సంతోషించాను. కానీ వదినా, పోయిన వారం ఆటోలో వేసి పంపిన ఆ ఇంజన్ని విప్పితే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మూడు ప్యాకింగులు ఉన్నాయి! అమ్మినవాడు ఎవడోగానీ మా నాన్న కన్నా పెద్ద దయగలవాడు. రెండు తీసేశాను. సిలిండరు బోరు అరగలేదు, బాగానే ఉంది. టాపెట్లు సరిచేశాను. ఇంజను బుధవారం వస్తుంది. చప్పుడు వస్తుందని ఎవరూ మళ్లీ బిగించొద్దని అవినాష్‌కి గట్టిగా చెప్పు. లివరు పట్టడం అన్నయ్యనే నేర్పమను. సూర్యం అన్నను మాత్రం నేర్పనివ్వొద్దు.

పెద్ద ఇంజను కొందామా అని అన్నయ్య ఫోన్‌లో అడిగాడు. వద్దనే నా మాట. పెద్దది కొంటే పెద్దగా తాగుతుంది. ఉన్నదానికి ఈ యేడు పిస్టను రింగులు మారుస్తాను, ఇంకో అయిదేళ్లు చూసుకోనక్కర్లేదు. వేరే ఊళ్లకి పోయే ఆలోచన లేనప్పుడు అంత తొందర దేనికి? అవినాష్ బోటు, మీ బోటు కలిసి వెళ్తే దూరం కూడా భయం ఉండదు.

నాన్న ఇక్కడికి నాతోనే వచ్చాడు. పని చెయ్యొద్దంటే వినడు. ఇక్కడి వాళ్లు సగం ఒడియా మాట్లాడతారు. నాన్నకి ఆ భాష రాదు, ఐనా వాళ్లతో గంటలకొద్దీ వాదిస్తాడు. ఇద్దరూ గెలిచినట్టే లేస్తారు. నిన్న ఒక బోటాయన నాన్నకి పీతలు తెచ్చి ఇచ్చాడు. నాన్నకి పళ్లు లేవు కదా, అయినా వదల్లేదు.

జేమ్సుకి ఫ్యాక్టరీలో కొత్త బాయిలరు వచ్చింది. దానికి గంటలు, దీపాలు ఉన్నాయట. ఆయన దాని గురించి చెప్పడం మొదలుపెడితే అన్నం చల్లారిపోతుంది.

నిషేధం అయ్యాక ఒక ఆదివారం మందిరం చూసుకొని మీ ఊరు వస్తాను. నీ చేతి నెత్తళ్ల పులుసు తిని చాలా రోజులైంది. ముందే చెప్తున్నాను, చింతపండు తక్కువ వెయ్యి. నాకు ఇప్పుడు పడడం లేదు.

ఇక్కడ ఇప్పుడే ఈదరగాలి మొదలైంది, పందిరి మీద ఆకులు లేస్తున్నాయి. నాన్న తాడు పట్టుకొని నన్ను పిలుస్తున్నాడు. ఉంటాను.

ఇట్లు,
మగ్దలీన."